సభాప్రవేశము: పెద్దవయస్సున సంగీతము నేర్చువారు

నడివయస్సు దాటిన గృహస్థు గాని గృహిణి గాని సంగీతము నేర్వ నారంభించినచో లోకము రెండు ప్రశ్న లడుగును. "ఇప్పు డెందులకు?" అనునది మొదటిది. నేర్చిన పిమ్మట నలుగురి యెదుట పాడుటకో వాయించుటకో పూనుకొన్నచో, "నీ కేల?" అనునది రెండవది. మొదటి ప్రశ్నకు సమాధానము దొరకినది. విద్యకు వయఃపరిమితి లేదని నేడు చదువుకొన్నవారందరు నొప్పుకొందురు. రెండవదానికి మాత్రము సమాధానము దొరకలేదు. అందుచేత ఎందరో యేండ్లతరబడి సాధనచేసిన విద్య, తలుపు వేసిన గదిలోనే పుట్టి గదిలోనే అణగిపోవుచున్నది. ఈ రెండవ ప్రశ్ననే మేము చరిత్రదృష్టితో విచారింపదలచితిమి. అందుకు ఓరుగల్లును ఆధారముగా గైకొనుటకు కారణము కలదు. సభలో కళను ప్రదర్శించు విధమును గూర్చి శాస్త్రము వ్రాసిన సేనాని యొకడు ఆ నగరపు రాజులకొలువున నుండెను.

మొదట పాశ్చాత్యుల ఆచారమును చూతము. ఇంగ్లీషులో 'రిసైటల్' అనగా వల్లించి వినిపించుట. 1840లో హంగేరీదేశపు పియానో విద్వాంసుడు ఫ్రాంజ్ లిస్టు లండను నగరమున తన కచేరీకి ఈ పేరు పెట్టెను. పియానోమీద వల్లించుట యెట్లని కొందరు వింతపడిరి గాని పేరు నిలిచిపోయినది. క్రమముగా ఉపాధ్యాయుడు తన శిష్యులచేత ఏర్పాటుచేయించు వినికిడికిని ఆ పేరే వచ్చినది. పియానో 1700 ప్రాంతమున ఇటలీలో బార్తొలొమేయో క్రిస్తొఫోరి కల్పించిన వాద్యము. మెట్టు నొక్కగానే లోపలి చిన్న సుత్తె తంతిని కొట్టి వెనుకకు మరలును. పందొమ్మిదవ శతాబ్దమున అది ఐరోపాఖండపు మధ్యతరగతి యిండ్లలో ప్రవేశించెను. ఇంటింట వాద్యమున్నచోట నేర్చువారుందురు. నేర్చువారున్నచోట వినిపింపవలెనను కోరికయు నుండును. కావున శిష్యుల కచేరి ఆ దేశములలో విద్యలో నొక భాగమయ్యెను.

ఇందు పెద్దల స్థితి వేరు. పిల్లవాని తప్పు ముద్దుగా నుండును; పెద్దవాని తప్పు నవ్వులాట యగునని భయము. పిల్లవానికి వ్రేళ్లును చెవియు కలసి పెరుగును. పెద్దవానికి చెవి యెన్నడో పండినది, వ్రేళ్లు మాత్రము నిన్న మొన్న బడిలో చేరినవి. తన తప్పు సభవారికంటె ముందుగా తనకే వినబడును. ఉద్యోగమున పదిమందిని శాసించువాడు ఒక చిన్న గతిని వాయింపబోయి చేయి వణకించును. ఈ కష్టమును తెలిసిన ఉపాధ్యాయులు కొన్ని యుపాయములు కనుగొనిరి. చిన్న గది, తక్కువ శ్రోతలు, కొద్ది నిమిషముల రచన, ఎదుట స్వరలిపి పుస్తకము, పోటీయు బహుమానమును లేకపోవుట — ఇవి యా యుపాయములు. కొందరు పెద్దలు పోటీకిని వెనుదీయలేదు. అమెరికాలోని ఫోర్టువర్తు నగరమున 1999లో వాన్ క్లైబర్న్ సంస్థవారు ముప్పదియైదేండ్లు నిండి, పియానోవలన జీవనము గడపనివారికై ప్రత్యేకముగా పోటీ నేర్పరచిరి. పగలు వైద్యమో వకాల్తో చేసికొనువారు రాత్రి సాధనచేసి అట్టి రంగమెక్కుచున్నారు.

ఇది పరదేశపు వేడుక, మనకేల యని తోచవచ్చును. ఆ సందేహమును ఓరుగల్లు చరిత్రయే తీర్చును.

కాకతి గణపతిదేవుడు 1199 మొదలు 1262 వరకు రాజ్యమేలెను. ఆయన గజసైన్యమునకు అధిపతి జాయప. కృష్ణాతీరపు దివిసీమవాడు, ఇతని చెల్లెండ్రు నారాంబ, పేరాంబ గణపతిదేవుని రాణులు. ఏనుగుల దండును నడపిన యీ సేనాని 1253-54 ప్రాంతమున సంస్కృతమున నృత్తరత్నావళి యను నెనిమిది యధ్యాయముల గ్రంథమును ముగించెను. మొదటి నాలుగు మార్గనృత్యమును, తక్కిన నాలుగు దేశినృత్యమును తెలుపును. పేరణి, రాసకము, కోలాటము మున్నగు దేశిరీతులకు అందు చోటు దొరకినది. మన ప్రస్తుతవిషయమునకు ముఖ్యమైనది ఎనిమిదవ యధ్యాయము. అందు చెప్పబడినది అడుగుల సంగతి కాదు, సభ సంగతి. ప్రదర్శన కెట్టి సమయము తగును, సభాపతి నెట్లు ఆహ్వానింపవలెను, ఎవరెక్కడ కూర్చుండవలెను, వాద్యము లేవి, ఎన్ని యుండవలెను, తెరల వెనుకనుండి పాత్ర యెట్లు ప్రవేశింపవలెను, తుదకు నర్తకిని వాద్యగాండ్రను ఎట్లు సన్మానింపవలెను — ఇవన్నియు అందు గలవు. ప్రదర్శన బాగుగా సాగుట ప్రదర్శించువారి బాధ్యత మాత్రమే కాదనియు, పిలిచినవారికిని వచ్చినవారికిని అందు పాలు గలదనియు ఆ యధ్యాయమువలన మనము గ్రహింపవచ్చును.

ఇంకొక సంగతి గమనింపదగినది. జాయప నృత్యము చేసి బ్రదికినవాడు కాడు. రాజే యేర్పరచిన గుండామాత్యుడను గురువునొద్ద విద్య నేర్చి, ఖడ్గముతో కొలువు చేయుచు, కళను శాస్త్రముగా సాధించినవాడు. వృత్తి వేరు, విద్య వేరు అయినవాడు కళనుగూర్చి మాటాడుటకు తగునా యను ప్రశ్నకు అతని గ్రంథమే బదులు.

అయినను నాటి రంగము అందరిదియు కాదు. 1163లో రుద్రదేవుడు హనుమకొండలో కట్టించిన వేయిస్తంభముల గుడి నడుమను, 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన రామప్పగుడి నడుమను నున్న నునుపైన రంగశిలలమీద అడుగిడినవారు దేవాలయసేవకు నియుక్తులైన కళావంతులు. వారికి భూములును గృహములును ఉండెడివి. వారి శిక్షణ పుట్టుకతో మొదలయ్యెడిది. ఇది మొదటి పీఠము. రెండవ పీఠము సామాన్యభక్తులది. పాలకుర్తి సీమలో పుట్టిన సోమనాథుడు పండితారాధ్యచరిత్రములో, శివరాత్రికి శ్రీశైలము చేరిన జనులు పాడుటయు ఆడుటయు విరివిగా వర్ణించెను. ఓరుగంటి స్త్రీలు నేటికిని బతుకమ్మ చుట్టు తిరిగి పాడుచుందురు. ఆ పాటలో తల్లియు కూతురును కోడలును ఒక్క వలయముననే యుందురు. తాళము తప్పినను ఎవరును నవ్వరు. అక్కడ గురువు లేడు, పరీక్ష లేదు.

పుట్టుకచే రంగమునకు వచ్చిన కళావంతుల కొక పీఠము, శిక్షణ లేని భక్తుల కొక పీఠము కలవు. శిక్షణ పొంది, దానిచే బ్రదుకని గృహస్థునకు మూడవ పీఠ మెక్కడ? జాయపవంటి ప్రభువునకు గ్రంథరచన యుండెను గాక. సామాన్యగృహస్థునకు ఏమున్నది? మన సంగీతచరిత్రలో చిరకాలము ఖాళీగా నుండినది ఈ మూడవ పీఠమే.

సంస్కరణకాల మీ లోపమును తీర్చవలసినది. తీర్చినదా? కందుకూరి వీరేశలింగము పంతులుగారు మొదలుగా సంస్కర్తలు వేశ్యామేళములను ఖండించిరి. బాలికలను దేవునిపేర అర్పించు నాచారమును మాన్పుటకు మద్రాసు రాష్ట్రమున 1947లోను, ఆంధ్రప్రదేశమున 1988లోను శాసనములు వచ్చినవి. ఆ యాచారము పోవుట న్యాయమే. దానిని మేము పూర్ణముగా సమర్థింతుము. కాని దురాచారముతోకూడ కళావంతుల విద్యయు గౌరవమును కొట్టుకొనిపోయినవి. వారు దిగిన రంగమును ఇతరులు కొందరెక్కిరి. దిగినవారిని తలచినవారు తక్కువ. గృహస్థుల బాలికలకు సంగీతము నేర్పుట గౌరవమయ్యెను గాని, ఆ విద్య చాలవరకు పెండ్లిచూపులతో మొదలై పెండ్లితో ముగిసెడిది. పెండ్లిచూపులనాడు పాడుమన్న లోకము, పెండ్లియైన పిమ్మట సభలో పాడుట సిగ్గనుట యెట్టి న్యాయము?

ఈ యన్యాయము నెదిరించినవారును లేకపోలేదు. కళావంతుల కుటుంబమున పుట్టిన బెంగుళూరు నాగరత్నమ్మ తన ధనముతో తిరువయ్యూరులో త్యాగరాజస్వామి సమాధిమందిరమును కట్టించెను. అక్కడి యారాధనలో స్త్రీలు పాడరాదని విద్వాంసులు నిషేధింపగా, ఆమె స్త్రీలచేత వేరుగా ఆరాధన జరిపించెను. తరువాత ఆరాధన లేకమై, స్త్రీపురుషులు కలసి పంచరత్నకీర్తనలను గోష్ఠిగా పాడు సంప్రదాయము స్థిరపడినది. అందు మహావిద్వాంసుని ప్రక్కన మొన్న నేర్చినవాడును కూర్చుండి గొంతు కలుపును. తెనుగు కీర్తనల మూలమున మూడవ పీఠమునకు దొరకిన గొప్పచోటు ఇది. నాటకరంగమున బళ్లారి రాఘవ ఇట్టి కార్యమునే చేసెను. ఆయన వృత్తిచే న్యాయవాది. స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెననియు, విద్యావతులు రంగమునకు రావలెననియు వాదించి, కొందరిని తీసికొనివచ్చెను.

ఓరుగల్లులో ఈ మార్పు ఆలస్యముగా వచ్చుటకు వేరొక కారణమును కలదు. నిజాము రాజ్యమున సభ యనగానే అధికారులకు శంక. సభ జరుపుటకు ముందుగా అనుమతి పొందవలెనను గస్తీ నిషాన్ తిర్పన్ ప్రజల నోళ్లు కట్టిన యుత్తరువు. అట్టికాలమున 1904లో హనుమకొండలో స్థాపింపబడిన రాజరాజనరేంద్రాంధ్రభాషానిలయము వంటి గ్రంథాలయములే మన పెద్దలకు కూడి చదువుటయు మాటాడుటయు నేర్పినవి. పెద్దవయస్సున అక్షరములు దిద్దుట సిగ్గు కాదని చాటినది గ్రంథాలయోద్యమము. అదే న్యాయము స్వరములకు వర్తింపకుండునా?

తరువాత సంగీతకళాశాలలు వచ్చినవి. 1919లో విజయనగరమున మహారాజావారు స్థాపించిన కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులు. ఇరువదియాఱేండ్ల ద్వారం వెంకటస్వామినాయుడుగారు అక్కడ విద్యార్థిగా చేరవచ్చి వాయించి చూపగా, ఆ వినికిడితోనే ఆయనను ఉపాధ్యాయునిగా గైకొనిరని సంగీతలోకమున చెప్పుకొందురు. ఒక్కనాటి వినికిడి మనుష్యుని స్థానము నెట్లు తెలుపునో దీనివలన తెలియును. ఓరుగల్లులోను విద్యారణ్యస్వామి పేర ప్రభుత్వసంగీతనృత్యకళాశాల వెలసినది. కులము నడుగక నేర్పు బడి యది.

జాయప గ్రంథమును 1965లో వి. రాఘవన్‌గారు మద్రాసున పరిష్కరించి ప్రకటింపగా, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు దానిని తెనిగించిరి. ఆ గ్రంథమును రామప్పగుడి శిల్పములను పరిశీలించి నటరాజ రామకృష్ణగారు పేరిణి తాండవమును పునరుద్ధరించి, 1985 శివరాత్రినాడు రామప్ప సన్నిధిని శిష్యులచేత ప్రదర్శింపజేసిరి. ఆ రాత్రి రంగమున నిలిచినవారు శిక్షణ పొందిన శిష్యులు. ఏడువందల యేండ్లక్రింద వంశములు కాపాడిన కళను విద్యార్థులు మరల నిలిపిరి. మూడవ పీఠపు విలువకు ఇంతకంటె సాక్ష్యము వేరేల?

ఇక మెట్లవాద్యముల మాట. పియానోలో ఒక్కొక్క మెట్టు ఒక్కొక్క స్థిరస్వరము. స్వరమునుండి స్వరమునకు జారు గమకమునకు అందు చోటు లేదు. అందుచే మన సంగీతమునకు అది యొదగలేదు. దాని చుట్టమైన హార్మోనియమునకు ఈ కారణముచేతనే 1940లో ఆకాశవాణి తలుపులు మూసి, 1971లో గాని తెరవలేదు. అయినను మన పద్యనాటకము హార్మోనియమును విడువలేదు. నేడు విద్యుత్తుచే పలుకు కీబోర్డులు చిన్న యిండ్లకును వచ్చినవి. వాద్యము స్వదేశమా పరదేశమా యను వాదమును విద్వాంసులకు విడిచిపెట్టుదము. వయొలినును మనము పరదేశమునుండియే గైకొని మనదిగా చేసికొంటిమి. నేర్చినవాని చేతిలో నున్నది వీణయైనను పియానోయైనను, విని కూర్చుండు సభ యొక్కటే కావలెను.

అట్టి సభను కూర్చుట కష్టము కాదు. ప్రతి పట్టణమునను గ్రంథాలయమో పాఠశాలయో కలదు. నెలకొక సాయంకాలము, ఇరువది ముప్పదిమంది శ్రోతలు, ఒక్కొక్కరికి ఒక్కొక్క చిన్న రచన చాలును. పిల్లలును పెద్దలును ఒక్క వరుసనే కూర్చుండవలెను. పుస్తకము చూచి వాయించువానిని తక్కువగా చూడరాదు. పాట మధ్య నాగిపోయినవాడు మరల మొదలుపెట్టువరకు సభ నిశ్శబ్దముగా నుండవలెను. వంశపారంపర్యముగా విద్యను కాపాడిన కుటుంబములవారిని ఆ సభకు పిలిచి, అగ్రాసనమున కూర్చుండబెట్టవలెను. ఆ ఋణము మన సంస్కరణ యింకను తీర్చలేదు. తుదిని జాయప చెప్పినట్లు పాడినవారిని, వాయించినవారిని తగిన విధమున మన్నింపవలెను.

"నీ కేల?" అను ప్రశ్నకు సమాధానము పాడువాడు చెప్పవలసినది కాదు, వినువారు చెప్పవలసినది. నలువదేండ్ల గృహిణి వణకుచేతితో వీణ మీటునప్పుడు, పదవి విరమించిన గుమాస్తా కీబోర్డు ముందు కూర్చుండునప్పుడు, ఆ గదిలో నున్నవారి యోర్పే వారికి సభాప్రవేశము నిచ్చును. రామప్పగుడి రంగశిల నునుపైన రాయి. దాని చుట్టు కూర్చుండు జనము లేనిచో అది రాయి మాత్రమే.