పరిచయం పుట్టిందీ పనిలోనే

కృష్ణా జిల్లా కోడూరు కుర్రాడు సినిమాల్లోకి వెళతానంటే ఇంట్లో ముందు వినిపించే ప్రశ్న ఒకటే: ‘అక్కడ మనకెవరున్నార్రా?’ ఆ ప్రశ్నలో భయముంది, లోకం తెలిసిన అనుభవమూ ఉంది. హంసలదీవి ఇసుకలో సెల్‌ఫోన్‌తో షార్ట్‌ఫిల్మ్ తీయడం ఇప్పుడు తేలికే. దాన్ని చూసి తప్పొప్పులు చెప్పి, పని ఇచ్చే మనిషిని చేరుకోవడమే కష్టం. కృష్ణా డెల్టా నుంచి మద్రాసు వెళ్లి తెలుగు సినిమాను నిలబెట్టిన పెద్దలందరికీ ఈ ప్రశ్న ఎదురైంది. వాళ్లు దాన్ని ఎలా దాటారో చూస్తే, ప్రతిభ గొప్పదా, పరిచయం గొప్పదా అన్న వాదనకే చోటుండదు. వాళ్ల విషయంలో ఆ రెండూ ఒక్కచోటే పెరిగాయి.

సమీక్షే సిఫార్సు

ముందు బందరు సంగతి. కమలాకర కామేశ్వరరావు కృష్ణాపత్రికలో సినిమా సమీక్షలు రాసేవారు. 1936లో ద్రౌపది కథతో రెండు చిత్రాలు పోటీగా వచ్చాయి. అలాంటి రోజుల్లో ఏది ఎందుకు బాగుందో, ఏది ఎక్కడ తేలిపోయిందో విడమరిచి చెప్పే కలం అరుదు. ఆ కలమే ఆయనను సినిమావాళ్ల దృష్టిలో పడేసింది. హెచ్.ఎం.రెడ్డి ‘గృహలక్ష్మి’ (1938)కి పనిచేస్తూ అక్కడే బి.ఎన్.రెడ్డి, కె.వి.రెడ్డిలకు దగ్గరయ్యారు. తర్వాత వాహిని చిత్ర సంస్థలో ఏళ్లపాటు సహాయకుడిగా పనిచేశాకే దర్శకత్వం చేపట్టారు. ‘నర్తనశాల’ (1963) తీసింది ఆ చెయ్యే.

అదే బందరులో పింగళి నాగేంద్రరావు ఇండియన్ డ్రమటిక్ కంపెనీకి నాటకాలు రాస్తూ నడివయసుకొచ్చారు. ఆయన ‘వింధ్యరాణి’ నాటకం 1948లో సినిమాగా వచ్చింది. దర్శకుడు కె.వి.రెడ్డి ‘గుణసుందరి కథ’కు రచయితను వెతుకుతున్నప్పుడు పింగళి పేరు చెప్పింది కమలాకరే. ఒక ఊరివాడు తన ఊరివాడి పేరు చెప్పాడని దీన్ని తేలిగ్గా తీసేయకూడదు. పింగళి నాటకాలు ఆడిన ఊళ్లోనే కమలాకర సమీక్షకుడిగా ఎదిగారు. ఆ కలం బలం తెలిసే ఆ మాట చెప్పారు. దాని ఫలితం ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’ దాకా మనకు దక్కింది.

పెయ్యేరు గురువు, రామాపురం శిష్యుడు

గుడివాడ దగ్గరి రామాపురంలో రైతు కుటుంబంలో పుట్టిన అక్కినేని నాగేశ్వరరావుకు బడి చదువు పెద్దగా అబ్బలేదు. నాటకాల్లో ఆడవేషాలు కట్టేవారు. పెయ్యేరుకు చెందిన దుక్కిపాటి మధుసూదనరావు ఎక్సెల్షియర్ నాటక సమాజంలో ఆయనకు నటన నేర్పారు. 1941లో ‘ధర్మపత్ని’లో చిన్న వేషం వచ్చింది గానీ దారి తెరుచుకోలేదు. కొన్నేళ్లకు బెజవాడ రైల్వేస్టేషన్లో దర్శక నిర్మాత ఘంటసాల బలరామయ్య ఆయన్ని చూసి మద్రాసు పిలిపించారు. ‘సీతారామ జననం’ (1944)లో రాముడి వేషం ఇచ్చారు. ప్లాట్‌ఫారం మీద చూడటం అదృష్టమే. అయితే కెమెరా ముందు నిలబడి రాముడిగా మెప్పించినప్పుడు ఆదుకున్నది మాత్రం ఊరూరా ఆడిన రాత్రులే.

గురుశిష్యుల బంధం అక్కడితో తెగిపోలేదు. 1951లో ఇద్దరూ కలిసి అన్నపూర్ణా పిక్చర్స్ పెట్టారు. అప్పటికే అక్కినేని పేరున్న హీరో. ఆ పేరు చూపి ఏదో ఒక సినిమా వెంటనే చుట్టేయవచ్చు. వాళ్లు ఆ పని చేయలేదు. కె.వి.రెడ్డి తీరిక కోసం ఓపిక పట్టారు. తొలి చిత్రం ‘దొంగరాముడు’ 1955లో గానీ రాలేదు. తర్వాత ఇదే సంస్థ కోడూరి కౌసల్యాదేవి నవల ‘చక్రభ్రమణం’ను ‘డాక్టర్ చక్రవర్తి’గా తీసింది. కె.విశ్వనాథ్‌ను ‘ఆత్మగౌరవం’తో దర్శకుణ్ణి చేసింది. ఒకప్పుడు తమకు దొరికిన ఊతాన్ని వాళ్లు ఇంకొకరికి ఇచ్చారు.

పానగల్ పార్కు నుంచి

గుడివాడ ప్రాంతంలోని చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల వెంకటేశ్వరరావు విజయనగరంలో పట్రాయని సీతారామశాస్త్రి దగ్గర సంగీతం నేర్చుకున్నారు. మధుకరం ఎత్తుకుని కడుపు నింపుకున్నారు. క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకెళ్లారు. పెళ్లయ్యాక అత్తవారి ఊరు పెదపులివర్రులో ఆయన పాట విని, సినిమాల్లో ప్రయత్నించమన్నవారు సినీ రచయిత సముద్రాల రాఘవాచార్య. మద్రాసులో నటుడు నాగయ్య, దర్శకుడు బి.ఎన్.రెడ్డిల దగ్గరికి తీసుకెళ్లి పాడించిందీ ఆయనే.

అయినా అవకాశం వెంటనే రాలేదు. సముద్రాల ఇల్లు చిన్నది. ఆ ఇంటికి భారం కాకూడదని ఘంటసాల పానగల్ పార్కులో రాత్రులు గడిపారని చెబుతారు. రేడియోలో పాడారు, ‘సీతారామ జననం’లో బృందగానంలో గొంతు కలిపారు. 1945లో ‘స్వర్గసీమ’తో అసలు పిలుపు వచ్చింది. సముద్రాల ఆయనను ఆ గుమ్మం దాకా తీసుకెళ్లారు. పాట మాత్రం ఘంటసాలే పాడాలి. ఆ హద్దు ఇద్దరికీ తెలుసు.

1953 నాటి ‘దేవదాసు’లో ఈ దారులన్నీ కలిశాయి. సముద్రాల రచన, ఘంటసాల గొంతు, అక్కినేని నటన. దర్శకుడు కూచిపూడి కళాకారుడు వేదాంతం రాఘవయ్య. జానపద వీరుడిగా పేరుపడ్డ అక్కినేని దేవదాసేమిటని పెదవి విరిచినవాళ్లున్నారు. కలిసి పనిచేసిన మనుషుల నమ్మకం ముందు ఆ పెదవి విరుపులు నిలవలేదు.

ఇప్పుడు కోడూరుకు కావలసింది

వీళ్లెవరూ మనుషుల్ని వెతుక్కుంటూ ముందు బయల్దేరలేదు. నాటక సమాజం, పత్రిక, పాట కచేరీ లాంటి చోట్ల నలుగురితో కలిసి పనిచేశారు. తప్పు చేస్తే సరిదిద్దేవాడు, బాగా చేస్తే గుర్తుపెట్టుకుని ఇంకొకరికి చెప్పేవాడు ఒకే మనిషి అయ్యాడు. పరిచయం ఊరికే పలకరింపుగా ఉండిపోకుండా, పని తెలిసిన మనిషి ఇచ్చే పూచీ అయింది.

ఇవాళ ఆ చోట్లు కరువయ్యాయి. కుర్రాడు ఒంటరిగా ఎడిటింగ్ నేర్చుకుంటున్నాడు, హైదరాబాద్ చేరాక ఒంటరిగానే ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాడు. అతని పనికి పూచీ పడేవాళ్లు లేరు. సినిమా వారసులకు అది పుట్టుకతో అందుతుంది, పల్లె పిల్లలకు మనమే కల్పించాలి. అవనిగడ్డలోనో కోడూరులోనో నెలకోసారి ఒకరి సినిమా మరొకరు చూసి నిర్మొహమాటంగా మాట్లాడుకునే బృందం ఉండాలి. కథ రాసేవాడు, కెమెరా పట్టేవాడు, నటించే అమ్మాయి ఒకరి పనిలో ఒకరు చెయ్యి వేయాలి. వారిలో ఒక్కరు పరిశ్రమలో కుదురుకుంటే, వెనకనున్న వారిలో పని వచ్చినవాడి పేరు ధైర్యంగా చెప్పాలి. దుక్కిపాటి, సముద్రాల, కమలాకర చేసింది ఇదే. ఈ నేల బిడ్డలు పరిశ్రమలో నిలదొక్కుకోవడానికి ఇంతకంటే నిజాయితీ గల దారి నాకు కనిపించడం లేదు.