చైల్డ్ సీటు: సికింద్రాబాద్ కార్లలో పసిపిల్లల రక్షణ

పసిపిల్లలను, చిన్నపిల్లలను కారులో పట్టీలతో భద్రంగా కూర్చోబెట్టేందుకు తయారైన ప్రత్యేక ఆసనమే చైల్డ్ సీటు. కారులో ఉండే సీటుబెల్టు పెద్దవాళ్ల కొలతలకు పెట్టింది. చిన్నపిల్లలకు అది మెడకు ఒరుసుకుంటుంది, నడుము ఎముకల మీద నిలవక పొట్ట మీదికి జారుతుంది. సికింద్రాబాద్‌లో చైల్డ్ సీటు ఇంకా కొత్త వస్తువే. ఇక్కడ పుట్టిన బిడ్డ తొలి కారు ప్రయాణం ఆసుపత్రి నుంచి ఇంటికి, చాలావరకు అమ్మమ్మ ఒళ్లోనే సాగుతుంది. ఒడిని మించిన రక్షణ లేదన్న నమ్మకం కారులో నిలవదని ప్రపంచం మెల్లగా తెలుసుకున్న తీరే ఈ సీటు చరిత్ర.

ఒడి ఎందుకు చాలదు

గంటకు 50 కి.మీ. వేగంతో పోతున్న కారు దేన్నో గుద్దుకుని సెకనులో పదోవంతు సమయంలో ఆగిపోయిందనుకుందాం. లోపలున్నవాళ్లు తమ బరువుకు సుమారు 14 రెట్ల బలంతో ముందుకు విసిరినట్టు వెళతారు. 10 కిలోల పాపను పట్టుకున్న చేతుల మీద 140 కిలోల లాగుడు పడుతుంది. పాతిక కిలోల బియ్యం బస్తాలు అయిదుకు పైగా ఒక్కసారిగా గుంజుకుపోతుంటే ఎవరూ ఆపలేరు. ఇందులో ప్రేమకు లోటేమీ లేదు, చేతులకు అంత శక్తి లేదంతే. ఎత్తుకున్నవారు బెల్టు పెట్టుకోకపోతే వాళ్ల బరువంతా బిడ్డ మీదే పడుతుంది. ఒకే బెల్టు ఇద్దరి చుట్టూ బిగించినా జరిగేది అదే.

పసిబిడ్డ శరీరంలో తల పెద్దది, మెడ లేతది. ముఖం కారు వెనక్కి ఉండేలా కూర్చోబెడితే ముందునుంచి తగిలే దెబ్బ బలం వీపంతా పరుచుకుని మెడ మీద భారం తగ్గుతుంది.

పుట్టుక

1930ల్లో అమెరికాలో వచ్చిన పిల్లల సీట్లు రక్షణ కోసం కాదు. పిల్లలు అటూ ఇటూ కదలకుండా, కిటికీలోంచి బయటికి చూసేలా ఎత్తుగా కూర్చోబెట్టడానికే. 1959లో స్వీడన్ ఇంజనీరు నిల్స్ బోలిన్ వోల్వో కార్లకు మూడు కొసల సీటుబెల్టు రూపొందించాడు. 1962లో అమెరికాలో లియొనార్డ్ రివ్కిన్, బ్రిటన్‌లో జీన్ ఏమ్స్ ప్రమాదంలో కాపాడే పిల్లల సీట్లు వేర్వేరుగా తయారుచేశారు. 1964లో స్వీడన్‌కు చెందిన బెర్టిల్ ఆల్డ్‌మన్ అంతరిక్షయాత్రికులు వెల్లకిలా పడుకునే ఆసనాలను చూసి, వెనక్కి తిరిగి ఉండే సీటు నమూనా చేశాడు.

అమెరికా తొలి ప్రమాణాలు 1971లో వచ్చాయి. పిల్లల వైద్యుడు రాబర్ట్ శాండర్స్ పట్టుదలతో టెనెసీ రాష్ట్రంలో 1978 నుంచి చైల్డ్ సీటు తప్పనిసరి అయింది. అక్కడా ఒడి మీది నమ్మకం అడ్డుపడింది. పెద్దవాళ్లు ఎత్తుకున్న బిడ్డకు సీటు అక్కర్లేదని ఆ చట్టం మినహాయింపు ఇచ్చింది. అది పోవడానికి 1981 దాకా పట్టింది. 1985 నాటికి అమెరికా రాష్ట్రాలన్నింటిలో ఇలాంటి చట్టాలు వచ్చాయి. సరిగా వాడిన చైల్డ్ సీటు కార్లలో ఏడాదిలోపు పిల్లల మరణ ప్రమాదాన్ని 71 శాతం, 1-4 ఏళ్ల పిల్లలకు 54 శాతం తగ్గిస్తుందని అమెరికా రహదారి భద్రతా సంస్థ అంచనా.

భారత చట్టం

మన దేశంలో కొత్త కార్ల ముందు సీట్లకు బెల్టులు 1994లో, వెనుక సీట్లకు 2002లో తప్పనిసరి అయ్యాయి. పిల్లల మాట చట్టంలోకి రావడానికి మరో పదిహేడేళ్లు పట్టింది. 2019 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చిన మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ ప్రకారం, 14 ఏళ్లు నిండని పిల్లలకు బెల్టు గానీ చైల్డ్ సీటు గానీ లేకుండా కారు నడిపితే వెయ్యి రూపాయల జరిమానా. బెల్టు సరిపోని పసివాళ్లకు మిగిలేది చైల్డ్ సీటే. ఈ సీట్ల నాణ్యతకు ఏఐఎస్-072 అనే భారతీయ ప్రమాణం ఉంది. 2023 అక్టోబరు 1న మొదలైన భారత్ ఎన్‌క్యాప్ పరీక్షల్లో ఏడాదిన్నర, మూడేళ్ల పిల్లల బొమ్మలను కూర్చోబెట్టి కారును గుద్దిస్తారు. పిల్లల రక్షణకు విడిగా 49 మార్కులు ఉంటాయి. కారు కొనేవాళ్లు మైలేజీతోపాటు ఈ మార్కులూ అడగాలి.

సికింద్రాబాద్‌లో

అమెరికాలో ఉన్న కూతురి పురుడు పోయడానికి వెళ్లిన అమ్మమ్మలు చైల్డ్ సీటును అక్కడి ఆసుపత్రి గుమ్మంలోనే చూస్తారు. అక్కడ రెండేళ్లు సీటులోనే తిరిగిన పాప, శంషాబాద్ విమానాశ్రయంలో దిగి సికింద్రాబాద్ క్యాబ్ ఎక్కగానే మళ్లీ ఒళ్లోకి వస్తుంది. పాప మారలేదు, రోడ్డు మారింది, అంతే. ప్యారడైజ్ దగ్గర ట్రాఫిక్‌లో కారు నత్తనడకే కావచ్చు. కానీ బోయిన్‌పల్లి దాటి మేడ్చల్ హైవే ఎక్కినా, తెల్లవారుజామున యాదగిరిగుట్టకు బయల్దేరినా 50 కి.మీ. వేగం ఇట్టే దాటిపోతుంది.

వాడే పద్ధతి

సీటు ఎప్పుడూ వెనుక వరుసలోనే ఉండాలి. ఎయిర్‌బ్యాగ్ పనిచేసే ముందు సీటులో, వెనక్కి తిరిగి ఉండే చైల్డ్ సీటు పెడితే ఆ సంచి తెరుచుకునే దెబ్బకే బిడ్డ ప్రాణం పోవచ్చు. కారులోనే అమర్చి ఉండే ఐసోఫిక్స్ కొక్కేలతో గానీ బెల్టుతో గానీ బిగించాక, బిగించినచోట పట్టుకుని ఊపితే సీటు అంగుళం కన్నా ఎక్కువ కదలకూడదు. పట్టీలు బిగించాక బిడ్డ భుజం దగ్గర పట్టీని రెండు వేళ్లతో గిల్లి చూడాలి. మడత చిక్కితే అది వదులుగా ఉన్నట్టే. బాలింత ఇంట్లో అలవాటైనట్టు బిడ్డను మందపాటి టవల్లో చుట్టి, ఆ పైన పట్టీలు వేయకూడదు. ముందు పట్టీలు, తరవాతే దుప్పటి. సీటు అనుమతించే ఎత్తు గానీ బరువు గానీ దాటేదాకా బిడ్డను వెనక్కి తిప్పే ఉంచాలి. ప్రమాదంలో దెబ్బతిన్న సీటును మళ్లీ వాడకూడదు. ఎండాకాలంలో బకిల్ కాలుతుంది కాబట్టి ముందు చేత్తో తాకి చూడాలి. ఒక్క నిమిషమైనా సరే, బిడ్డను కారులో ఒంటరిగా వదలకూడదు.

బండి మీద

చాలా ఇళ్లలో ఉన్నది కారు కాదు, స్కూటరు. 2022 ఫిబ్రవరిలో కేంద్రం ప్రకటించిన నిబంధన ప్రకారం 9 నెలల నుంచి 4 ఏళ్ల పిల్లలకు హెల్మెట్ పెట్టాలి, నాలుగేళ్లలోపు పిల్లలందరికీ నడిపేవారికి కట్టే భద్రతా పట్టీ వేయాలి, వేగం గంటకు 40 కి.మీ. మించకూడదు. ఏడాది తరవాత ఇది అమల్లోకి వచ్చింది. స్కూటరు ముందు పిల్లాణ్ని నిలబెట్టి పోవడం ఇకనైనా మానాలి.

ప్రసూతి వార్డులో బిడ్డను ఇంటికి పంపేరోజున టీకాల తేదీలు రాసిస్తారు. బిడ్డ ఇంటికి ఎలా వెళ్లాలో ఆ కాగితంలోనే ఒక్క వాక్యం చేర్చడం కష్టం కాదు. సికింద్రాబాద్‌లో ఈ మార్పు మొదలవ్వాల్సిన చోటు అదే.