‘లేదు’తో ఏకీభవించడం: టూ, ఈదర్, నైదర్‌ల తికమక ఎక్కడ పుడుతోంది?

రాజంపేటలో ఒకరు “నిన్న తాళ్లపాకకు పోయినా” అంటే, పక్కవారు “నేనూ పోయినా” అంటారు. “పోలేదు” అంటే “నేనూ పోలేదు” అంటారు. రెండు చోట్లా కలుపుకునే పని ‘ఊ’దే. లేదని చెప్పే పని క్రియది. ఇంగ్లీషులో ఈ పనులు ఇంత విడిగా ఉండవు. మొదటి మాటకు ‘మీ టూ’ సరిపోతుంది. రెండోదానికి ‘మీ నైదర్’ కావాలి, లేదా ‘ఐ డిడంట్ ఈదర్’, ‘నైదర్ డిడ్ ఐ’ అనాలి.

నేర్చుకునేవారు రెండోచోట కూడా ‘మీ టూ’ అంటే, అందులో ‘ఊ’ ప్రభావం ఉందనుకోవడం సబబే. ‘ఐ డిడంట్ నైదర్’ అనే పొరపాటుకు మూలం మరోచోట ఉండవచ్చు. “ఎవరూ రాలేదు” అన్నప్పుడు ‘ఎవరూ’లో నిషేధం లేదు, ‘రాలేదు’లోనే ఉంది. ‘నైదర్’ మాత్రం నిషేధాన్ని తనలోనే మోస్తుంది. దాన్ని ‘ఎవరూ’ వంటి మాటగా తీసుకుంటే, క్రియకు మళ్లీ ‘నాట్’ తగిలించాలనిపిస్తుంది.

అయితే నెపమంతా తెలుగు మీద వేయలేం. హిందీ ‘భీ’, జర్మన్ ‘ఆఖ్’ కూడా అవునన్నా కాదన్నా పనికొస్తాయి. స్పానిష్‌లో మాత్రం ‘తాంబియేన్’, ‘తాంపోకో’ అని వేర్వేరు మాటలున్నాయి. ఇక ఇంగ్లీషులోనూ ఈదర్, నైదర్‌ల మధ్య గీత నిలకడగా లేదు. అమెరికాలో మామూలు మాటల్లో ‘మీ ఈదర్’ వినిపిస్తుంది. 14వ శతాబ్దపు ఇంగ్లీషు కవి చాసర్ రచనల్లో ఒకే వాక్యంలో రెండు మూడు నిషేధాలు కనిపిస్తాయి.

ఇంతకంటే ఎక్కువ నష్టం చేయగలిగేది నిషేధ ప్రశ్న. “డబ్బు రాలేదా?” అంటే “అవును, రాలేదు” అనడం మనకు సహజం, “లేదు, రాలేదు” అనీ అంటాం. ఇంగ్లీషులో ‘నో, ఐ డిడంట్’ అనాలి. కడప జిల్లా నుంచి కువైట్‌కు పనికి వెళ్లేవారు ఎందరో. జీతం ముట్టలేదా అని ఇంగ్లీషులో అడిగినప్పుడు ఉత్త ‘యెస్’ అంటే, ముట్టిందని అవతలివారు అర్థం చేసుకునే ప్రమాదముంది.

అందుకే జాబితాలు బట్టీ పట్టించడం కంటే, నిషేధం ఏ మాటలో ఉందో వెతకడం నేర్పాలి. లేదన్న మాటతో ఏకీభవించే జవాబులో, క్రియకు ‘నాట్’ ఉంటే ‘ఈదర్’, లేకపోతే ‘నైదర్’. నిషేధ ప్రశ్నకు ఒక్క మాటతో సరిపెట్టకుండా, ‘ఐ డిడంట్ గెట్ ఇట్’ అని పూర్తి వాక్యం చెప్పడం అలవాటు చేయాలి. నేర్చుకునేవారి తప్పులో తెలివితక్కువతనం లేదు, తెలుగు వాక్యపు క్రమం ఉంది. పాఠం ఆ క్రమం నుంచే మొదలుకావాలి.