వర్ణ మాట్

వేర్వేరుగ చిత్రీకరించిన దృశ్యములను ఒక్కటిగ కూర్చునపుడు ముందున్న వస్తువు వెనుకటి దృశ్యమును ఎచ్చట, ఎంత మేరకు కప్పవలెనో నిర్ణయించు నలుపు తెలుపుల చిత్రమునకు మాట్ అని పేరు. ఆ నిర్ణయమును ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు వర్ణములకును విడివిడిగ చేయునది వర్ణ మాట్.

నటునితోపాటు కదలుచుండు మాట్‌ను చిత్రమునుండియే పుట్టించు విధానమునకు ఫ్రాంక్ విలియమ్స్ 1918లో అమెరికాలో పేటెంటు పొందెను. 1940లో వెలువడిన ‘ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్’ కొఱకు లారీ బట్లర్ నీలి తెరను కట్టించి, టెక్నికలర్ కెమెరాలో మూడు వర్ణములకు మూడు ఫిల్ములు వేర్వేరుగ నడచుటను ఆసరా చేసికొని, వాని నడుమనుండు భేదమునుండి మాట్‌ను రాబట్టి ఆస్కారు బహుమతి నందెను. అయినను వెండ్రుకల కొసలకును, పొగకును, గాజునకును తెర నీలిమ అంటుకొని చాలకాలము వదలలేదు.

ఈ చిక్కును విప్పినవాడు పెట్రో వ్లాహోస్. దేహచ్ఛాయలయందును, కేశములయందును, పెక్కు వస్త్రములయందును నీలము ఆకుపచ్చను అంతగా మించదని గ్రహించి, మించినదంతయు తెర సొమ్మేయని నీలపు ఫిల్మునుండి తొలగించి, ఆ మిగులునుండియే మాట్‌ను కల్పించిన ఆయన వర్ణభేద పద్ధతి ‘బెన్-హర్’ (1959) చిత్రమునకు ఉపకరించెను. ఒక వర్ణమునకు మాత్రమే ప్రత్యేక సంస్కారము చేయు ఈ యోచనలో వర్ణ మాట్ బీజప్రాయముగ నున్నదనుట అతిశయోక్తి కాదు. ‘మేరీ పాపిన్స్’ (1964)లో సోడియం దీపముల పసుపు కాంతిని పట్టకముచే వేరొక ఫిల్మునకు మరల్చి పొందిన మాట్ సౌక్ష్మ్యమున సాటిలేనిదే గాని, అది వర్ణమెఱుగనిది.

కంప్యూటరు యుగమునను ఆ లోపమే సంక్రమించెను. 1970ల చివర న్యూయార్క్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఎడ్ క్యాట్‌మల్, ఆల్వీ రే స్మిత్‌లు మాట్‌ను చిత్రమునకు నాలుగవ చానెలుగ జతచేసి ఆల్ఫా అనిరి. 1984లో థామస్ పోర్టర్, టామ్ డఫ్‌లు దాని గణితమును వ్యవస్థీకరించిరి. మూడు వర్ణములకు ఒకే సంఖ్య చాలుననుట పొదుపే. ఱాతికిని, కొయ్యకును అది చాలును. ఎఱ్ఱ గాజునకు చాలదు. ఆ గాజు వెనుకటి ఎరుపులో పదవవంతును, నీలములో పదింట తొమ్మిది వంతులను అడ్డగించుననుకొందుము: ఒకే ఆల్ఫాతో కూర్చినచో నీలాకాశము గాజులోనుండి నీలముగనే తొంగిచూచును, వర్ణమునకొక మాట్ వాడి, వెనుకటి దృశ్యమును ఆయా వర్ణములలో అంతంత తగ్గించి, ఆపై గాజు తళుకును కలిపిననే సత్యము కానవచ్చును.

కంప్యూటరు చిత్రరచనకై వెలువడిన 1988 నాటి రెండర్‌మాన్ నిర్దేశము అపారదర్శకతను వర్ణముగనే పరిగణించెను. ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ సంస్థ 2003లో బహిరంగపఱచిన ఓపెన్‌ఈఎక్స్‌ఆర్ చిత్రరూపములో ఇందులకే ఏఆర్, ఏజీ, ఏబీ అను చానెళ్లు కేటాయింపబడినవి. మూడు వేర్వేరు వస్తువుల మాట్‌లను ఒకే చిత్రపు మూడు చానెళ్లలో పొదుగు వాడుక స్టూడియోలలో చాలకాలము సర్వసాధారణముగ నుండెను. అది స్థలము కలిసివచ్చుటకేగాని పారదర్శకతకు సంబంధించినది కాదు. గాజు కాంతిని వంచుటను మాత్రము వర్ణ మాట్ చూపజాలదు; దానికై డగ్లస్ జోంకర్ ప్రభృతులు 1999లో పరిసర మాట్ పద్ధతిని ప్రకటించి, వస్తువు వెనుక రకరకముల చారలను ప్రదర్శించి, ఏ బిందువునకు ఏ చోటి కాంతి చేరుచున్నదో లెక్కించిరి.