పొమ్మనలేక కాదు, రమ్మని పొగబెట్టాను

"పొమ్మనలేక పొగబెట్టినట్టు" అని మనవాళ్ళ సామెత. మిస్సిసాగాలో మా ఇంటి పెరట్లో మాత్రం ఆ సామెత తిరగబడింది. శనివారం పొద్దున్నే నేను పొగబెడితే మధ్యాహ్నానికల్లా పక్కింటివాళ్ళు కంచె మీదుగా తొంగిచూస్తారు. సాయంత్రానికి నలుగురైదుగురు తెలుగు మిత్రులు పిల్లాజెల్లాతో దిగుతారు. పొయ్యి మీద ఆరు గంటలుగా మగ్గుతున్నవి పంది పక్కటెముకలు.

ఆ చివరి రెండు మాటలు తెలుగులో రాయడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. మొదట్లో ఎవరైనా మూత వైపు చూసి "ఏమిటండీ అది?" అంటే "రిబ్స్" అనేవాణ్ణి. "ఓహో, రిబ్సా!" అని వాళ్ళూ ప్లేటు అందుకునేవారు. అదే పదార్థాన్ని తెలుగులో పేరుపెట్టి పిలిస్తే సగం ప్లేట్లు కిందికి దిగుతాయని వాళ్ళకీ తెలుసు, నాకూ తెలుసు. ఆ ఇంగ్లీషు మాట చాటున అందరం సుఖంగా భోంచేశాం. ఈ వ్యాసం ఆ పొయ్యి చరిత్ర, ఆ ఎముకల చరిత్ర, కొంత మా నాయనమ్మ చరిత్ర.

పొట్టు పొయ్యి మళ్ళీ పుట్టింది

నా వయసువారికి పొట్టు పొయ్యి గుర్తుండే ఉంటుంది. రేకు డబ్బాలో మధ్యన ఒక సీసా నిలబెట్టి, చుట్టూ రంపపు పొట్టు కూరి, సీసా మెల్లగా పైకి లాగేస్తే గుంట మిగిలేది. అడుగున నిప్పంటిస్తే గంటల తరబడి సన్నగా మండేది. కోత మిల్లు ముందు సంచులు పట్టుకుని నిలబడిన బాల్యం మనలో చాలామందిది.

2014లో నేను కొన్న పెల్లెట్ గ్రిల్లు ఆ పొట్టు పొయ్యికి దూరపు చుట్టమే. 1973 చమురు సంక్షోభంలో నూనె ధరలు మండిపోయినప్పుడు, ఇళ్ళు వెచ్చబెట్టుకోవడానికి ఉత్తర అమెరికాలో జనం కలప వ్యర్థాల వైపు చూశారు. రంపపు పొట్టును గట్టిగా అదిమితే చెక్కలోనే ఉండే లిగ్నిన్ వేడికి మెత్తబడి జిగురులా పట్టేస్తుంది. వేరే బంక అక్కర్లేదు. అలా దాదాపు ఆరు మిల్లీమీటర్ల లావున తయారయ్యేవే ఈ గుళికలు. ఓరెగాన్ రాష్ట్రంలోని మౌంట్ ఏంజెల్ అనే చిన్న ఊళ్ళో జో ట్రేగర్ 1985లో ఆ గుళికలతో వంటపొయ్యి తయారుచేశాడు. మరుసటి ఏడాది పేటెంటు వచ్చింది. 2006లో దాని గడువు తీరాక ఇతర కంపెనీలూ రంగంలోకి దిగాయి. అందుకే ఈనాడు ఇన్ని రకాలు.

లోపలి ఏర్పాటు పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. పక్కన ఒక తొట్టిలో గుళికలు పోస్తాం. మరమేకులా మెలికలు తిరిగిన కడ్డీ ఒకటి తిరుగుతూ వాటిని కొద్దికొద్దిగా నిప్పు గిన్నెలోకి తోస్తుంది. కరెంటుతో ఎర్రగా కాలే పుల్ల నిప్పంటిస్తుంది, ఫ్యాను గాలి విసురుతుంది. వేడి తగ్గితే గుళికలు ఎక్కువ పడతాయి, పెరిగితే తక్కువ. వెనకటికి పొయ్యి దగ్గర కూచుని పుల్ల ఎగదోసిన అమ్మల పని ఇప్పుడు ఆ కడ్డీ చేస్తోంది. ఒక్క జాగ్రత్త: ఇల్లు వెచ్చబెట్టుకునే గుళికలు వంటకు పనికిరావు. మేపుల్, ఆపిల్, చెర్రీ లాంటి గట్టి కలపతో వంటకోసమే చేసినవి వాడాలి.

కెనడాకు ఈ గుళికలతో బంధుత్వం ఎక్కువ. బ్రిటిష్ కొలంబియా కోత మిల్లులు ఒకప్పుడు తమ పొట్టును తేనెపట్టు ఆకారంలో ఉండే పెద్ద ఇనప గుమ్మటాల్లో పోసి ఊరికే తగలబెట్టేవి. ఆ పొగతో లోయలన్నీ నిండిపోయేవి. తర్వాత అదే పొట్టు గుళికలై ఓడలెక్కి బ్రిటనుకూ జపానుకూ విద్యుత్కేంద్రాల ఇంధనంగా వెళ్ళింది.

పందుల పట్టణం

ఇక ఎముకల కథ. పంది అమెరికా ఖండాల జంతువు కాదు. 1493లో కొలంబస్ రెండోసారి వచ్చినప్పుడు ఓడలో తెచ్చాడు. బార్బెక్యూ అన్న మాట మాత్రం ఇక్కడిదే. కరీబియన్ దీవుల తైనో ప్రజలు నిప్పు మీద కట్టే కర్రల మంచెకు పెట్టుకున్న పేరు నుంచి వచ్చింది. పొగబెట్టడమూ ఈ నేలకు కొత్త కాదు. పసిఫిక్ తీరపు ఆదివాసులు ఐరోపావాళ్ళు రాకముందునుంచే సాల్మన్ చేపను పొగలో ఆరబెట్టి చలికాలానికి దాచుకునేవారు.

టొరాంటోకి "హాగ్‌టౌన్" అని ముద్దుపేరు. అంటే పందుల పట్టణం. ఆ పేరుకు ఎక్కువమంది చెప్పే కారణం విలియం డేవిస్. 1854లో ఇంగ్లాండు నుంచి వచ్చిన ఈయన సెయింట్ లారెన్స్ మార్కెట్లో దుకాణం పెట్టి, ఉప్పునీట ఊరిన పంది నడుము మాంసాన్ని బఠానీ పిండిలో దొర్లించి అమ్మాడు. అదే పీమీల్ బేకన్. ఇప్పుడు మొక్కజొన్న పిండి వాడుతున్నా పేరు మారలేదు. డాన్ నది దగ్గరి ఆయన కర్మాగారం ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఏడాదికి దాదాపు అయిదు లక్షల పందుల్ని కోసి ఇంగ్లాండుకు ఎగుమతి చేసేది. 1927లో ఆ కంపెనీ మరికొన్నిటితో కలిసి కెనడా ప్యాకర్స్ అయింది.

మెత్తటి మాంసం ఓడెక్కితే ఎముకలున్న పక్కలు ఊళ్ళో మిగిలేవి. ఉప్పుబెట్టి పీపాల్లో కూరడానికి అవి కుదరవు. అందుకని చవగ్గా పోయేవి, పేదవాళ్ళ ఇళ్ళకు చేరేవి. సన్నని సెగ మీద గంటల తరబడి మగ్గబెడితే ఆ గట్టి మాంసమే వెన్నలా అవుతుందని కనిపెట్టింది ఆ పేదవాళ్ళే. అమెరికా దక్షిణాదిన ముఖ్యంగా నల్లజాతి వంటవాళ్ళు. ఈ రోజు బర్లింగ్టన్ రోటరీ వాళ్ళు 1996లో మొదలుపెట్టిన రిబ్‌ఫెస్టులో ఆ ఎముకల కోసమే జనం ఎండలో బారులు తీరుతున్నారు.

వరహాకు దండం, పందికి తిట్టు

మరి మన సంగతి? వేంగి చాళుక్యుల తామ్రశాసనాల ముద్ర మీద "శ్రీ త్రిభువనాంకుశ" అన్న అక్షరాలతో పాటు ఉండేది వరాహం. విజయనగరం వాళ్ళ లాంఛనమూ అదే. వాళ్ళ బంగారు నాణెం పేరు వరహా. తిరుమలలో ముందు వరాహస్వామిని దర్శించుకుని తర్వాతే వేంకటేశ్వరుణ్ణి చూడాలన్నది ఆచారం. పన్నెండో శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు సోమేశ్వరుడు రాయించిన మానసోల్లాసంలో పందిని శుభ్రం చేసి, ముక్కలు కోసి, నిప్పుల మీద కాల్చే విధానం వివరంగా ఉంది. అది రాజుగారి భోజనం!

అన్నిటికన్నా నాకు దగ్గరైంది తిన్నడి కథ. పదహారో శతాబ్దంలో ధూర్జటి తన శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలో ఈ బోయ కుర్రవాణ్ణి మన కళ్ళముందు నిలబెట్టాడు. వేటాడిన మాంసం నిప్పుల మీద కాల్చి, బాగుందో లేదో తాను కొరికి చూసి, మంచి ముక్కలే శివుడికి పెట్టాడు తిన్నడు. పూజారి అసహ్యపడ్డాడు. శివుడు మాత్రం తినిపించిన చేతినే మెచ్చాడు. కన్నప్పకు గుడిలో దండం పెట్టే మనం, ఊరి చివర అదే మాంసం వండుకునేవాళ్ళని ఎందుకు దూరంగా ఉంచాం? ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి రాలేదు.

నాయనమ్మ దండెం

మేము ఎరుకలవాళ్ళం. రేపల్లె దగ్గర ఒక పల్లెలో మా నాయనమ్మ ఈతాకు బుట్టలల్లేది, పందుల్ని మేపేది. పంది కోసిన రోజున తాటాకు మంట మీద చర్మం కాల్చి, గీకి, పసుపు రాసి కడిగేవారు. మిగిలిన ముక్కలకు ఉప్పు పట్టించి పొయ్యి పైన దండెం మీద వేలాడగట్టేది నాయనమ్మ. కట్టెల పొగకు అవి రోజురోజుకీ నల్లబడేవి. వానాకాలం ఆ ముక్కల్ని చింతపులుసులో వేసి ఉడికించేది.

ఉప్పు మాకు కొత్త సరుకు కాదు. మా పూర్వీకులు గాడిదల మీదా ఎద్దుల మీదా కోస్తా ఉప్పును లోనాడులకు మోసి, బదులుగా ధాన్యం తెచ్చేవారు. 1856లో దక్షిణాదిన తొలి రైలు నడిచింది. క్రమంగా ఉప్పు రైలెక్కింది. ప్రభుత్వ ఉప్పు విధానం కూడా తోడై ఆ వ్యాపారం చితికిపోయింది. బతుకుతెరువు పోగొట్టుకుని తిరిగేవాళ్ళని చూసి ప్రభుత్వం దొంగలంది. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికీ తెచ్చారు. బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ నడిపిన స్టూవర్టుపురం సెటిల్‌మెంటు పుట్టింది ఆ చట్టం నీడలోనే. నాయనమ్మ తండ్రి ఏ నేరమూ చెయ్యకుండానే రాత్రిళ్ళు వెళ్ళి హాజరు వేయించుకుని వచ్చేవాడట. మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952లో చట్టం రద్దయింది. చూపు మాత్రం రద్దు కాలేదు. హాస్టల్లో నా పెట్టె మాయమైన వస్తువు కోసం రెండుసార్లు వెతికారు. ఆ తర్వాత నేను ఊరి పేరు చెప్పడం మానేశాను, కులం మాట వస్తే లేచి వెళ్ళడం నేర్చుకున్నాను. 1998లో కెనడా వచ్చినప్పుడు ఆ అలవాటూ సామానుతో పాటు వచ్చింది.

మా అమ్మాయి నాలుగో తరగతిలో ఉండగా బళ్ళో "మీ ఇంట్లో తరతరాలుగా వస్తున్న వంట" గురించి రాసుకు రమ్మన్నారు. "నాన్నా, మనది ఏది?" అనడిగింది. పులిహోర అన్నాను. మా అమ్మకు పులిహోర కలపడం వచ్చింది టౌనుకు మారిన తర్వాతే. పిల్ల అందంగా బొమ్మ వేసి పట్టుకెళ్ళింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆరు గంటల పని

గ్రిల్లు కొన్నాక మొదటిసారి మూత తీసినప్పుడు వచ్చిన వాసన నన్ను నేరుగా ఆ దండెం కిందికి తీసుకుపోయింది. అప్పటినుంచి నా పద్ధతి ఇది. ఎముకల వెనక పల్చటి పొర ఉంటుంది. గుడ్డతో పట్టుకుని లాగేయాలి. ఉప్పు, కారం, పసుపు, ధనియాల పొడి, నూరిన వెల్లుల్లి పట్టించి ఒక రాత్రి ఉంచాలి. 225 ఫారెన్‌హీట్ డిగ్రీల దగ్గర, అంటే సెల్సియస్‌లో 107, మూడు గంటలు పొగ పట్టనివ్వాలి. తర్వాత అల్యూమినియం రేకులో చుట్టి రెండు గంటలు. చివరి గంట విప్పి, చింతపులుసూ బెల్లమూ కలిపి చిక్కబడేదాకా మరిగించిన రసం పూయాలి. తొందరపడితే దక్కదు. మాంసాన్ని ఎముకకు పట్టి ఉంచే గట్టి పీచు డెబ్బై డిగ్రీల సెల్సియస్ దాటాక గాని నెమ్మదిగా కరగదు; తొంభై అయిదు దరిదాపుల్లో పూర్తిగా మెత్తబడుతుంది. జనవరిలో అయితే గుళికలు దాదాపు రెట్టింపు ఖర్చవుతాయి. నేను పొయ్యికి దుప్పటి కప్పుతాను, నేను కోటు వేసుకుంటాను.

కొన్నేళ్ళ కిందట ఒక ఎండాకాలం సాయంత్రం, గుంటూరు నుంచి వచ్చిన ఒక మిత్రుడి తల్లిగారు మా పెరట్లో కూర్చున్నారు. "ఏం వండుతున్నావు బాబూ?" అన్నారు. నోటిదాకా వచ్చిన ఇంగ్లీషు మాట మింగేశాను. "పంది మాంసమండీ. మా నాయనమ్మ ఇలాగే పొగబెట్టేది. మేం ఎరుకలోళ్ళం" అన్నాను. పెరడు ఒక్క క్షణం నిశ్శబ్దమైంది. ఒక కుటుంబం పిల్లకు జ్వరంగా ఉందని తొందరగా వెళ్ళిపోయింది. తర్వాత మళ్ళీ రాలేదు. ఆ పెద్దావిడ మాత్రం కదల్లేదు. "మా చిన్నప్పుడు మీ వాళ్ళ గుడిసెల వైపు మమ్మల్ని పోనిచ్చేవాళ్ళు కాదు నాయనా. సాయంత్రమయితే వాసన మాత్రం మా అరుగు దాకా వచ్చేది. ఇదే వాసన" అన్నారు. ఆవిడ శాకాహారి, తినలేదు. నేను విడిగా కాల్చిన మొక్కజొన్న కండె తింటూ చీకటి పడేదాకా మా నాయనమ్మ గురించి అడుగుతూనే ఉన్నారు.

మా అమ్మాయి ఇప్పుడు విశ్వవిద్యాలయంలో చదువుతోంది. ఈ మధ్య చింతపులుసు కొలతలు అడిగి నోటుబుక్కులో రాసుకుంది. పైన వంట పేరు దగ్గర నాయనమ్మ పేరు రాసి, పక్కన ఊరి పేరు అడిగింది. చెప్పాను.

ఈ సభలకు టొరాంటో వైపు నుంచి వచ్చినవాళ్ళెవరైనా శనివారం సాయంత్రం మా ఇంటికి రావచ్చు. తినేవాళ్ళకు పక్కటెముకలు, తిననివాళ్ళకు వేరే పళ్ళెంలో మొక్కజొన్న. ఏమిటది అని అడగండి. తెలుగులోనే చెబుతాను.