మోటారుబండికి పట్టిన వణుకు

1923వ సంవత్సరంలో అమెరికాలోని ఫైర్‌స్టోన్ కంపెనీ బెలూను టైర్లను అమ్మకానికి పెట్టింది. అంతకుముందు మోటారు టైర్లు సన్నగా, గట్టిగా ఉండేవి. చదరపు అంగుళానికి 60 పౌండ్ల ప్రాంతపు ఒత్తిడితో వాటిలో గాలి నింపేవారు. కొత్త టైరు లావుగా, మెత్తగా వచ్చింది. గాలి ఒత్తిడి దాదాపు సగానికి దిగింది. గతుకుల బాటలో కూడా ప్రయాణం సుఖమయింది. ఇంచుమించు అదే కాలంలో, అప్పటివరకు ఎక్కువ బండ్లలో వెనుక చక్రాలకే ఉండిన బ్రేకులు ముందు చక్రాలకు కూడా వచ్చాయి. రెండూ మంచి మార్పులే. కాని ఈ రెండూ కలిసిన బండి కొంత వేగం అందుకోగానే ముందు చక్రాలు కుడి ఎడమలకు కొట్టుకొనడం, చోదకుని చేతిలోని స్టీరింగు చక్రం గజగజ వణకడం మొదలయింది. ఆ రోజులలో అమెరికాలో భుజాలు అదిలిస్తూ ఆడే ‘షిమ్మీ’ అనే నృత్యం ప్రచారంలో ఉండేది. ఈ వణుకుకు ఆ పేరే పెట్టారు. పేరు వేళాకోళంగా ఉన్నా, పట్టు తప్పితే బండి బాట విడిచి పోతుంది.

మొదట అందరి అనుమానమూ వదులైన కీళ్లమీదకే పోయింది. కీళ్లు బిగించారు, స్టీరింగులో రాపిడి పలకలు అమర్చారు. వణుకు కొంత తగ్గింది, దానితోపాటు చక్రం తిప్పడం కష్టమయింది. పలకలు అరిగితే వణుకు మళ్లీ వచ్చేది. ఏ కీలూ అరగని కొత్త బండ్లు కూడా వణికాయంటే, లోపం కీళ్లలో మాత్రమే లేదన్నమాట.

అసలు కారణం తెలియడానికి తరగతి గదిలో సైకిలు ముందు చక్రం ఒకటి చాలు. దాని ఇరుసును రెండు చివరలా రెండు చేతులతో పట్టుకొని, మరొకరిచేత చక్రాన్ని వేగంగా తిప్పించాలి. ఇప్పుడు ఇరుసు ఒక కొనను పైకెత్తి చూడండి. చక్రం ఊరకే ఒరగదు. పక్కకు మళ్లడానికి చేతులను బలంగా లాగుతుంది. దీనినే గైరోస్కోపు ధర్మమంటారు. తిరిగే బొంగరం పడిపోకుండా తల తిప్పడం కూడా ఈ ధర్మం వల్లనే.

ఆనాటి బండ్లలో ముందు చక్రాలు రెంటికీ కలిపి ఒకే దూలంవంటి ఇరుసు ఉండేది. ఎద్దుబండిలో వలెనే, ఒక చక్రం రాయి ఎక్కితే ఇరుసంతా ఒరుగుతుంది. దానితో రెండవ చక్రం కూడా వాలుతుంది. వాలిన చక్రాలు పక్కకు మళ్లుతాయి. పక్కకు మళ్లిన చక్రాల గైరోస్కోపు బలం తిరిగి ఇరుసును ఒరగదోస్తుంది. మెత్తని టైర్లు స్ప్రింగులవలె పనిచేయడంవలన, బ్రేకుల బరువు చక్రాలకు చేరడంవలన ఇరుసు ఊగే వేగం తగ్గి, చక్రాలు కుడి ఎడమలకు ఊగే వేగానికి దగ్గరయింది. రెండు ఊగుళ్లూ ఒకదానినొకటి పెంచుకొనసాగాయి.

ఫ్రెంచి ఇంజనీరు జార్జి బ్రూలియె 1925లో ఈ వణుకును గూర్చి ఒక వ్యాసం ప్రకటించాడు. పక్కనుండి బలం పడినపుడు టైరు తాను చూసే దిక్కుకే పోదని, కొంచెం పక్కకు జరుగుతూ పోతుందని ఆయన అందులో గుర్తించాడు. వణుకును వెదకబోతే దొరికిన ఈ చిన్న విషయంమీదనే తరువాతి టైరు శాస్త్రమంతా నిలబడింది.

చికిత్స మాత్రం ఇరుసును తీసివేయడమే. ఇటలీలో లాంసియా లాంబ్డా కారుకు 1922 నుండే ముందు చక్రాలు దేనికది వేరుగా కదిలే అమరిక ఉండేది. అమెరికాలో, రోల్స్‌రాయిస్‌నుండి వచ్చిన మారిస్ ఆలీ అనే ఆంగ్లేయ ఇంజనీరు కృషితో జనరల్ మోటార్సు 1934 మోడలు కార్లలో ఈ పద్ధతి ప్రవేశించింది. ఈ అమరికలో చక్రం లేచినా అంతగా వాలదు. కనుక గైరోస్కోపుకు పని ఉండదు. ఫోర్డు కార్లు మాత్రం 1948 మోడలు వరకు దూలపు ఇరుసునే నమ్ముకొన్నాయి.

నేటి కారు స్టీరింగు వణికితే ముందుగా ‘ఎప్పుడు?’ అని అడగాలి. గంటకు 80 నుండి 110 కిలోమీటర్ల మధ్య వణికి, ఆపైన తగ్గితే చాలావరకు చక్రపు తూకం తప్పినట్లు. 30 సెంటీమీటర్ల వ్యాసార్థంగల చక్రం 100 కిలోమీటర్ల వేగంలో సెకనుకు దాదాపు 15 సార్లు తిరుగుతుంది. కేంద్రానికి 20 సెంటీమీటర్ల దూరాన 30 గ్రాముల బరువు అధికంగా ఉంటే అది 5 కిలోల బరువంత బలంతో లాగుతుంది. 50 కిలోమీటర్ల వేగంలో ఆ బలం నాలుగవ వంతే. విద్యార్థులు లెక్కవేసి చూడవచ్చు. దీనికి మందు, రిమ్ముకు ఎదుటి వైపున తగిన బరువు బిళ్ల తగిలించడమే. బ్రేకు నొక్కినపుడు మాత్రమే వణికితే బ్రేకు డిస్కు మందం అంతటా సమంగా లేదని అనుమానించాలి. నెమ్మదిగా పోతున్నపుడే ఊగితే టైరు ఉబ్బిందేమో చూడాలి. చక్రాన్ని ఈ మధ్యనే విప్పి బిగించి ఉంటే, అన్నిటికంటె ముందు నట్లు చూడాలి. ఆ పని బండి ఆపి చేయాలి.

పాత జబ్బు పూర్తిగా పోలేదు. ముందు దూలపు ఇరుసుగల జీపువంటి బండ్లలో కీళ్లు అరిగితే, ఒక గతుకు తగలగానే అది ఇప్పటికీ కనిపిస్తుంది. అటువంటి బండ్లలో చాలావాటికి స్టీరింగు కడ్డీకి అడ్డంగా నూనెతో పనిచేసే ఒక గొట్టం బిగించి ఉంటుంది. అది 1920ల నాటి రాపిడి పలకకు వారసురాలు. వణుకును అణచిపెడుతుంది, అరిగిన కీలును మాత్రం బాగుచేయదు.