పొమ్మనే హక్కు ఎవరిది?

2017 ఫిబ్రవరి 22, బుధవారం సాయంత్రం. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం, ఒలేతా పట్టణం. ఆస్టిన్స్ బార్ అండ్ గ్రిల్ నిండా బాస్కెట్‌బాల్ ఆట చూసే జనం. బయటి వసారాలో ఇద్దరు తెలుగువాళ్లు, గార్మిన్ కంపెనీ ఇంజనీర్లు. 32 ఏళ్ల కూచిభొట్ల శ్రీనివాస్, ఆయన స్నేహితుడు మాదసాని అలోక్. ఆఫీసు అయ్యాక అక్కడ కాసేపు కూర్చోవడం వాళ్లకు అలవాటే.

ఆడం ప్యూరింటన్ వాళ్ల బల్ల దగ్గరికొచ్చాడు. వయసు 51, ఒకప్పుడు నౌకాదళంలో పనిచేశాడు. ఏ దేశం మీది, ఏ వీసా మీద వచ్చారు అని నిలదీశాడు, తిట్టాడు. అలోక్ మేనేజర్ కోసం లోపలికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి ఆ మనిషిని బయటికి పంపేస్తున్నారు.

చట్టం ఇచ్చిన అధికారం అదే. స్థలం యజమాని పొమ్మంటే పోవాలి, మళ్లీ అడుగుపెడితే అక్రమ ప్రవేశం. మన భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షన్ కూడా, అనుమతితో వచ్చినవాడైనా బెదిరించడానికో అవమానించడానికో అక్కడే ఉండిపోతే నేరమే అంటుంది.

ప్యూరింటన్ తిరిగొచ్చాడు. ఈసారి చేతిలో పిస్టల్. 'నా దేశం నుంచి పొండి' అని అరుస్తూ కాల్చాడు. పొమ్మనే హక్కు ఆ సాయంత్రం ఆ బార్ వాళ్లకు మాత్రమే ఉంది, వాళ్లు దాన్ని అతని మీదే వాడారు. శ్రీనివాస్ అక్కడ అతిథి. పొమ్మన్న తర్వాత చొరబడినవాడు ప్యూరింటన్.

శ్రీనివాస్ చనిపోయాడు. అలోక్ కాలికి గాయమైంది. 24 ఏళ్ల ఇయాన్ గ్రిల్లట్ బల్ల కింద నక్కి తూటాలు లెక్కపెట్టాడు. అయిపోయాయనుకుని హంతకుడి వెంటపడ్డాడు. ఇంకా ఒకటి మిగిలే ఉంది. చేతిలోంచి దూసుకుపోయి ఛాతీలో దిగింది. ముక్కూమొహం తెలియనివాళ్ల కోసం అలా ఉరికినవాణ్ని ఏమని పొగడను!

ఇక ఆ తుపాకీ సంగతి. మన దగ్గర ఎవరికైనా రివాల్వర్ కావాలంటే 1959 నాటి ఆయుధాల చట్టం కింద దరఖాస్తు పెట్టుకోవాలి, ప్రాణానికి ముప్పేమిటో చెప్పుకోవాలి, పోలీసులు విచారించాలి. ఎన్నికలొస్తే స్టేషన్‌లో జమ చేయమంటారు. కాన్సస్‌లో 2015 జూలై 1 నుంచి 21 నిండినవారు లైసెన్సు లేకుండానే పిస్టల్ దాచుకుని తిరగొచ్చు. తుపాకీ తేవద్దని యజమాని బోర్డు పెట్టుకోవచ్చు. కానీ చొక్కా కింద ఏముందో ఎవరు చూడొచ్చారు? పొమ్మన్నాక గడప దాటినవాడు ఏం తెస్తాడో ఎవరికి తెలుసు? లైసెన్సు కోసం తిప్పించుకుంటారని విసుక్కుంటాం గానీ, తుపాకీ చేతికి రాకముందే ప్రశ్న అడిగే చట్టం మనది. నేను దాని పక్షమే.

ప్యూరింటన్ నేరం ఒప్పుకున్నాడు. 2018 మేలో రాష్ట్ర కోర్టు యావజ్జీవం వేసింది, 50 ఏళ్ల వరకు పెరోల్ లేదు. ఆగస్టులో ఫెడరల్ కోర్టు విద్వేష నేరం కేసులో మరో మూడు యావజ్జీవాలు విధించింది. శ్రీనివాస్ భార్య సునయన దుమాల కాన్సస్‌లోనే ఉండి, వలస వచ్చినవారి కోసం 'ఫరెవర్ వెల్‌కమ్' మొదలుపెట్టారు.

తుపాకీ చట్టం మాత్రం బిగుసుకోలేదు. తుపాకులను రానివ్వకుండా ఉండేందుకు విశ్వవిద్యాలయాలకు అంతకుముందు ఇచ్చిన మినహాయింపు గడువు తీరి, కాల్పులు జరిగిన నాలుగు నెలలకే, 2017 జూలై 1 నుంచి కాన్సస్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల ఆవరణల్లోకీ దాచిన పిస్టల్‌ను రానిచ్చారు. మన పిల్లలు చదువుకోవడానికి వెళ్లేది అలాంటి చోట్లకే.